గడ్డికీ సెలవు కావాలి

టెక్సాస్‌లో పశువుల ర్యాంచ్ చూడటానికి వెళ్లినవాళ్లకు ఒక్కోసారి ఒక చిన్న ప్రదర్శన చూపిస్తారు. ఇనుప స్టాండు మీద వరసగా రెండు మూడు ట్రేలు ఉంటాయి. ఒకదాంట్లో ఒత్తుగా పెరిగిన గడ్డిని వేర్లతో, మట్టితో సహా పెళ్లగించి పెడతారు. ఇంకోదాంట్లో పశువులు కొరికి కొరికి వదిలేసిన గడ్డి, మరోదాంట్లో ఒట్టి మట్టి. పైనుంచి వాన పడుతున్నట్టు నీళ్లు చల్లుతారు. ప్రతి ట్రేకీ రెండేసి గాజు సీసాలు. పైపైన జారిపోయిన నీళ్లు ముందున్న సీసాలోకి, మట్టిలో ఇంకి కిందికి దిగినవి రెండో సీసాలోకి చేరతాయి. కాసేపటికి ఒట్టి మట్టి ముందున్న సీసా టీ రంగు నీళ్లతో నిండిపోతుంది, దాని అడుగు సీసాలో చుక్క ఉండదు. గడ్డి ట్రే కింది సీసాలోకి మాత్రం తేటనీళ్లు నిదానంగా దిగుతుంటాయి. పిల్లలకు కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది.

శనాదివారాలు ర్యాంచ్‌లో గడిపే 'నేచర్ రిట్రీట్'ల గురించి మాట్లాడాలంటే ఈ సీసాల దగ్గరే మొదలుపెట్టాలి. చెక్క కాటేజీ, రాత్రి చలిమంట, గుర్రపు స్వారీ, నక్షత్రాలు, ఫోన్ సిగ్నల్ లేని ప్రశాంతత అన్నీ ఆ రెండో సీసా మీద ఆధారపడి ఉన్నవే. అందులోకి నీళ్లు దిగకపోతే వాగు ఉండదు, వాగు లేనిచోటికి అతిథి రాడు.

ఈ ప్రదర్శనను ఎంతోమందికి చూపించిన ర్యాంచ్ ఒకటి ఆస్టిన్ నగరానికి పడమరగా గంట ప్రయాణంలో, బ్లాంకో కౌంటీలో ఉంది. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పెరిగిన జాన్సన్ సిటీ దాని పక్క ఊరే. 1969లో జె. డేవిడ్ బ్యాంబర్గర్ అనే వ్యాపారి ఈ భూమి కొన్నాడు. వాక్యూమ్ క్లీనర్లు ఇంటింటికీ తిరిగి అమ్మి పైకొచ్చినవాడు, తర్వాత చర్చెస్ ఫ్రైడ్ చికెన్ కంపెనీలో భాగస్వామి. ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా పాడైపోయిన భూమి కావాలని వెతికి మరీ కొన్నాడు. 500 అడుగుల లోతుకు ఏడు బోర్లు వేయించాడు. ఒక్కదాంట్లోనూ చెప్పుకోదగ్గ నీళ్లు పడలేదు. కొండలన్నీ జునిపర్ చెట్లే, వాటి కింద కటిక నేల.

జునిపర్‌ని అక్కడివాళ్లు 'సీడర్' అంటారు. బ్యాంబర్గర్ దాన్ని విస్తారంగా నరికించి, ఆ నేలలో ఒకప్పుడు సహజంగా ఉండిన బ్లూస్టెమ్, ఇండియన్‌గ్రాస్ లాంటి గడ్డి గింజలు చల్లించాడు. నిటారు వాలుల్లో, లోయల్లో చెట్లను వదిలేశాడు. రెండేళ్లు దాటాక ఒక కొండ పక్క నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. తర్వాత మరికొన్ని ఊటలు, వాటితో వాగులు, చెరువులు. ఇవాళ ఆ 5,500 ఎకరాలు ఒక లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉన్నాయి. బడిపిల్లలు, రైతులు, పక్షులు చూసేవాళ్లు వస్తుంటారు. ఆయన దానికి పెట్టుకున్న పేరు 'సెలా'. బైబిల్ కీర్తనల్లో మధ్యమధ్య వచ్చే హీబ్రూ మాట అది. ఇక్కడ కాస్త ఆగు, ఆలోచించు అన్న అర్థంలో ఆయన పెట్టుకున్నాడు.

కథ బాగుంది. అయితే ఇందులో తరచుగా పక్కన పెట్టేసే సంగతి ఒకటుంది. ఆ కొండల్ని బాగుచేసిన డబ్బు ఆవుల మీద వచ్చింది కాదు, ఫ్రైడ్ చికెన్ మీద వచ్చింది. ఆ భూమి నుంచే తిండి, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు రావాల్సిన కుటుంబం మందను సగానికి తగ్గించి, ఉన్న డబ్బంతా గడ్డిగింజల మీద పెట్టి, ఊట వస్తుందో రాదో అని ఏళ్ల తరబడి కూర్చోగలదా? రిట్రీట్ వ్యాపారాన్ని అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే. మామూలు ర్యాంచ్ కుటుంబానికి అతిథులే ఆ ఫ్రైడ్ చికెన్.

అసలు ఈ నేల ఎందుకు చెడింది? సెంట్రల్ టెక్సాస్‌లోని ఈ కొండప్రాంతాన్ని 'హిల్ కంట్రీ' అంటారు. కింద సున్నపురాయి, పైన పల్చటి మట్టి. 19వ శతాబ్దం మధ్య వరకు ఇక్కడ గడ్డి మంటలు తరచూ వచ్చేవి. కొన్ని పిడుగుల వల్ల, కొన్ని అక్కడి ఆదివాసీ తెగలు కావాలని పెట్టినవి. మంటకు గడ్డి మళ్లీ చిగురిస్తుంది. జునిపర్ మొక్క మాత్రం చచ్చిపోతుంది, అందుకే అది రాతి లోయలకే పరిమితమై ఉండేది. ముళ్లకంచెకు 1874లో పేటెంట్ వచ్చాక పశువులు ఒకచోటే ఉండిపోయాయి. అంతకుముందు మేత అయిపోతే మంద ముందుకు కదిలేది, నేలకు విరామం దొరికేది. కంచె పడ్డాక ఆవులు, వాటికి తోడు గొర్రెలు, అంగోరా మేకలు అదే గడ్డిని ఏడాది పొడవునా కొరికాయి. గడ్డి పోతే మంటకు ఆధారం పోయింది. మంట లేకపోయేసరికి జునిపర్ లోయల్లోంచి పైకెక్కింది. వానకు మట్టి కొట్టుకుపోయి రాయి బయటపడింది.

గడ్డి పరక సంగతి దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఫ్రాంక్లిన్ క్రైడర్ 1955లో ప్రచురించిన ప్రయోగాల్లో గడ్డిని వేరువేరు ఎత్తుల్లో కోసి, కింద వేర్లను గమనించాడు. ఆకు సగం దాకా పోతే వేర్లకు పెద్ద తేడా పడలేదు. 80 శాతం కోసేస్తే మాత్రం వేర్ల ఎదుగుదల 12 రోజుల పాటు పూర్తిగా ఆగిపోయింది. పైన ఆవు కొరికింది కింద వేరుకు తగులుతుందన్న మాట. ర్యాంచ్‌వాళ్లు 'సగం తిననిచ్చి సగం వదిలెయ్' అనే లెక్క దీనితో సరిపోతుంది. ఇంచుమించు 450 కిలోల ఆవు రోజుకు దాదాపు 12 కిలోల ఎండు మేత తింటుంది. ఎన్ని ఆవులు, ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజులు, ఆ తర్వాత ఎన్ని నెలల సెలవు అన్నది కాగితం మీద వేసుకోవాల్సిన లెక్కే. భూమిని కాపాడటమంటే చెట్లు నాటడం అనుకునేవాళ్లకు ఇది కాస్త చప్పగా అనిపించవచ్చు. కానీ పనంతా ఈ లెక్కలోనే ఉంది.

(మాట వచ్చింది కాబట్టి: టెక్సాస్ ఎండకు, పిడుదులకు తట్టుకుంటుందని అక్కడివాళ్లు మెచ్చుకునే అమెరికన్ బ్రాహ్మన్ జాతి మన దేశం నుంచి వెళ్లిన పశువుల సంతతే. గిర్, గుజరాత్, కృష్ణా లోయ జాతులతో పాటు అందులో 'నెల్లూరు' రక్తం ఉంది. ఆ నెల్లూరు మన ఒంగోలే. హిల్ కంట్రీ రోడ్డు పక్కన మూపురమున్న తెల్ల ఎద్దు కనపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.)

జునిపర్ నరికితే ఊటలు వస్తాయా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదన ఉంది, దాన్ని దాటేస్తే కథ తప్పుదారి పడుతుంది. ఒక వైపు చూస్తే, జునిపర్ గుబురు మీద పడిన వానలో మూడో వంతుకు పైగా ఆకుల్లోనే నిలిచి ఆవిరైపోతుందని కొలతలున్నాయి. చిన్న జల్లైతే నేలకు చేరనే చేరదు. ఇంకో వైపు, టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి నదుల పాత రికార్డులు తిరగేసి 2010లో ఒక విచిత్రం చెప్పారు. చెట్లు పెరిగిన ఆ దశాబ్దాల్లోనే నదుల్లో వానలు లేని రోజుల ప్రవాహం తగ్గకపోగా దాదాపు రెట్టింపైంది. వాళ్ల వివరణ ప్రకారం అసలు దోషి చెట్టు కాదు, పూర్వం అక్కడ మేసిన అతి పెద్ద మందలు. మందలు తగ్గాక, చెట్లయినా గడ్డయినా ఏదో ఒకటి నేలను కప్పింది, నీళ్లు ఇంకడం మొదలైంది.

బ్యాంబర్గర్ ఊటలు అబద్ధమా మరి? అక్కర్లేదు. ఒక కొండ లోపలి రాతిపొరల్లో జరిగేది వేరు, వేల చదరపు మైళ్ల నదీ పరీవాహకంలో కనిపించేది వేరు. రెండు కథల్లోనూ ఉమ్మడిగా ఉన్న విషయం ఒకటే, నేల మీద నోళ్లు తగ్గాయి. రంపం పట్టుకుని చెట్లన్నీ పడగొట్టి, ఆ ఖాళీలోకి మళ్లీ మునుపటంత మందను వదిలితే ఏ ఊటా రాదు.

పైగా అన్ని చెట్లూ నరకడానికి లేదు. గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే పిడికెడు పిట్ట ప్రపంచం మొత్తంలో సెంట్రల్ టెక్సాస్‌లోనే గూడు కడుతుంది. ముదురు జునిపర్ బెరడు పీచుల్లా ఊడివస్తుంది. ఆ పీచుల్ని సాలెగూటి దారాలతో అల్లి గూడు చేస్తుంది. లేత చెట్టుకు అలాంటి బెరడు ఉండదు. ఈ పిట్ట 1990లో అంతరించిపోయే జాతుల జాబితాలో చేరింది. అంటే రైతు శత్రువనుకున్న చెట్టు వయసు మళ్లేసరికి ఒక పిట్టకు ఇల్లవుతోంది. ఏ చెట్టు ఉంచాలి, ఏది తీయాలి అన్నది కొండ ఎక్కి ఒక్కో వాలు చూసి తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు డబ్బు సంగతి. ర్యాంచ్‌కు అతిథుల్ని రానివ్వడం కొత్త ఫ్యాషనేం కాదు. ఈటన్ సోదరులు ముగ్గురు ఉత్తరాన డకోటా ప్రాంతంలో ర్యాంచ్ పెట్టినప్పుడు తూర్పు నగరాల నుంచి స్నేహితులు, స్నేహితుల స్నేహితులు చుట్టపుచూపుగా వచ్చి నెలల తరబడి ఉండిపోయేవారు. 1882లో అలా వచ్చినవాడొకడు సిగ్గుపడి, ఉన్నన్నాళ్లకు డబ్బులిస్తానన్నాడట. 'డ్యూడ్ ర్యాంచ్' వ్యాపారం అక్కడి నుంచే లెక్కేస్తారు. డ్యూడ్ అంటే సోకులు చేసుకుని వచ్చిన పట్నం బాబు. 1886–87 చలికాలం మంచుతుఫాన్లకు ఆ మైదానాల్లో పశువులు గుట్టలు గుట్టలుగా చచ్చాక, ఆవుల కన్నా డ్యూడ్‌లే నమ్మకమైన రాబడి అని చాలామందికి తెలిసొచ్చింది. ఈటన్ కుటుంబం 1904లో వయోమింగ్‌కు మారింది. డ్యూడ్ ర్యాంచ్‌ల సంఘం 1926లో ఏర్పడింది. టెక్సాస్‌లో బండేరా ఊరు అప్పటి నుంచీ ఇదే పని మీద బతుకుతోంది.

హిల్ కంట్రీకి ఇంకో దెబ్బ 1990లలో తగిలింది. మేకల బొచ్చుకు, అంటే మోహేర్‌కు, 1954 చట్టం కింద ప్రభుత్వం ఇస్తూ వచ్చిన సొమ్ము 1995కల్లా ఆగిపోయింది. మేకల మీద నడిచిన కుటుంబాలకు దారి మూసుకుపోయింది. గడ్డికి మాత్రం అది వరమే అయింది. అదే సమయంలో ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాలు కొండల వైపు పాకడంతో ఎకరం ధర ఆకాశానికెక్కింది. ఆస్తి కోట్లలో, చేతిలో చిల్లర లేదు. తండ్రి పోయాక ముగ్గురు పిల్లల్లో ఒక్కరికే ర్యాంచ్ మీద మనసుంటే, మిగతా ఇద్దరి వాటాలు కొనడానికి ఆవులమ్మిన డబ్బు ఏ మూలకూ రాదు. ఆవు ఏడాదికి ఒక దూడనిస్తుంది, అది ఏడాదికి ఒకసారే అమ్ముడవుతుంది. పంపకాల్లో ముక్కలైన భూమి ముందు పదెకరాల ప్లాట్లుగా, తర్వాత రెండెకరాల ప్లాట్లుగా మారుతుంది. ఒక్కో ముక్కకు ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు, ఒక రోడ్డు. టెక్సాస్‌లో 95 శాతం దాకా నేల ప్రైవేటు వాళ్లదే. కాబట్టి కొండ కొండగా మిగలాలా ప్లాట్లు కావాలా అన్నది చివరికి ఎవరో ఒక కుటుంబం భోజనాల బల్ల దగ్గర తేలే విషయం.

జింకల వేటకు లీజు, పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు చాటు గదులు, పెళ్లిళ్లు, యోగా శిబిరాలు, నక్షత్రాలు చూడటం, అన్నీ ఈ బల్ల మీద లెక్కలోకొచ్చే రాబడులే. రాత్రి చీకటి కూడా అమ్ముడవుతుంది. డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ ఊరు వీధి దీపాల వెలుతురును అదుపు చేసుకుని 2014లో టెక్సాస్‌లో మొదటి 'డార్క్ స్కై' ఊరుగా గుర్తింపు తెచ్చుకుంది.

పన్ను చట్టం కూడా ఇందులో పెద్ద చెయ్యే వేసింది. టెక్సాస్‌లో సాగులో ఉన్న భూమికి మార్కెట్ ధర మీద కాకుండా దాని పంట రాబడి మీద పన్ను కడతారు, తేడా చాలా ఎక్కువ. సమస్యేమిటంటే ఒకప్పుడు మేత నేలకు ఆ తగ్గింపు నిలబడాలంటే పశువులు ఉండి తీరాల్సి వచ్చేది. నేల ఎండిపోయినా సరే పన్ను కోసం మంద ఉంచేవాళ్లు. 1995లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణతో ఆవుల బదులు వన్యప్రాణుల కోసం నేలను చూసుకున్నా అదే తగ్గింపు దక్కేలా మారింది. ఏడు పనుల్లో మూడైనా చేయాలి: ఆవాసం బాగుచేయడం, మట్టికోత ఆపడం, వేటాడే జంతువుల్ని అదుపులో ఉంచడం, నీళ్లు పెట్టడం, మేత పెట్టడం, గూళ్లో పొదలో ఏర్పాటు చేయడం, జంతువుల లెక్క తీయడం. అంతకుముందే సాగు భూమిగా నమోదై ఉండాలన్న షరతు ఉంది. ఉపన్యాసాల కన్నా ఇలాంటి చిన్న నిబంధన వల్లే ఎక్కువ ఎకరాలకు సెలవు దొరికిందనిపిస్తుంది.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ తెలుగువాళ్ల మాటల్లో 'యాగ్ ఎగ్జెంప్షన్' (సాగు మినహాయింపు) అని వినపడేది ఈ సాగు భూమి పన్ను తగ్గింపే. నిజానికి అది మినహాయింపు కాదు, వేరే పద్ధతిలో వేసే విలువ. పదెకరాలు కొని, పక్కవాడి నాలుగు ఆవుల్ని లోపల వదిలి, భవిష్యత్తులో ప్లాట్లు వేద్దామనుకునేవాళ్లు భూమి వాడకం మార్చిన రోజున వెనకటి మూడేళ్ల తేడా పన్ను కట్టాలి. ఆ సంగతి అందరికీ తెలుసు, టెన్షన్ పడేదీ దాని గురించే. ఆ నాలుగు ఆవులు ఆ పదెకరాలకు ఎక్కువా తక్కువా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక అతిథి వల్ల భూమికి ఎప్పుడూ మేలే అనుకోవడం పొరపాటు. ఆవు రోజుకు సుమారు 10 నుంచి 20 గ్యాలన్ల నీళ్లు తాగుతుంది. అమెరికాలో మనిషి ఇంట్లో సగటున 80 నుంచి 100 గ్యాలన్లు వాడతాడు. నీళ్ల లెక్కలో ఒక అతిథి ఐదారు ఆవుల పెట్టు, స్విమ్మింగ్ పూల్ కలపకుండానే. టెక్సాస్‌లో భూగర్భ జలాలకు 1904 నాటి కోర్టు తీర్పు నుంచీ నడుస్తున్న మూలసూత్రం, ఎవరి నేల కింద నీళ్లు వాళ్లు తోడుకోవచ్చు అన్నది. పక్కింటి ఊట ఎండినా సాధారణంగా అడగడానికి లేదు. నలభై కాటేజీల రిసార్ట్ పైనున్న కొండను ఎంత పచ్చగా ఉంచినా, కింద బోరుతో ఆ ఊటనే లాగేయగలదు. కాబట్టి ర్యాంచ్‌కు ఎన్ని ఆవులు అని లెక్కేసినట్టే ఎంతమంది అతిథులు అని కూడా లెక్కేయాలి. తేడా ఏమిటంటే ఆవుల లెక్కకు వందేళ్ల అనుభవం ఉంది, అతిథుల లెక్క ఇంకా బుకింగ్ సైటు చేతిలోనే ఉంది.

ఎక్కడ కట్టాలి అన్నది ఇంకో ప్రశ్న. అతిథికి నది ఒడ్డు కావాలి, దానికి ఎక్కువ ఇస్తాడు కూడా. కానీ పల్చటి మట్టి, నిటారు వాలు, గల్ఫ్ నుంచి వచ్చే తేమ కలిసి ఈ కొండల్ని అమెరికాలోనే అతి ప్రమాదకరమైన మెరుపు వరదల ప్రాంతాల్లో ఒకటిగా చేశాయి. 2025 జూలై 4 తెల్లవారుజామున గ్వాడలూపే నది పొంగి వందమందికి పైగా చనిపోయారు. వేసవి శిబిరంలో నిద్రపోతున్న ఆడపిల్లలు వాళ్లలో ఉన్నారు. అంత వానను ఏ గడ్డీ ఆపలేదు, ఆపుతుందని చెప్పడం మోసం. గదిని ఎత్తుమీద కట్టడమే అక్కడ జాగ్రత్త. ర్యాంచ్‌లలో పాత ఇళ్లు చాలావరకు నదికి దూరంగా గట్టు మీద కనిపించడం ఊరికే జరిగింది కాదు.

కొన్ని కుటుంబాలు ఈ ఒత్తిళ్లన్నిటికీ ముందుగానే తలుపు వేసేస్తాయి. భూమి తమ పేరునే ఉంచుకుని, దాన్ని ప్లాట్లు చేసే హక్కును మాత్రం ఒక ల్యాండ్ ట్రస్టుకు (భూముల్ని కాపాడే సంస్థకు) శాశ్వతంగా అమ్మేయడమో రాసివ్వడమో చేస్తాయి. ఆ కాగితం భూమితో పాటే చేతులు మారుతుంది, కొన్నవాడూ కట్టుబడాలి. మనవళ్లకు అది రక్షణో సంకెలో చెప్పలేం. తాత తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకునే అవకాశం వాళ్లకు లేకపోవడం చిన్న విషయమేమీ కాదు.

ఇన్నీ సర్దుకున్న ర్యాంచ్‌లోనూ క్యాలెండర్ దగ్గర పేచీ వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో బ్లూబానెట్ పూలు రోడ్ల పక్కన నీలంగా పరుచుకుంటాయి, గదులకు గిరాకీ అప్పుడే. వార్బ్లర్ పిట్ట మెక్సికో దాటి వచ్చి గూడు కట్టేదీ అప్పుడే, కాబట్టి ఆ కొండ వైపు రంపం చప్పుడు వినపడకూడదు. వేసవిలో నదిలో దిగడానికి జనం వస్తారు, గడ్డి అల్లాడేది ఆ ఎండల్లోనే. శరత్కాలం వేటగాళ్లది. మిగిలేవి జనవరి, ఫిబ్రవరి. కొండ బూడిద రంగులో ఉంటుంది, చూడటానికి ఏమీ ఉండదు, కాటేజీలు చాలావరకు ఖాళీ. గాలి వాటం చూసుకుని ఇరుగుపొరుగు ర్యాంచ్‌ల వాళ్లు నీళ్ల ట్యాంకులతో వచ్చి, ఒకరి గడ్డికి ఒకరు సాయంపట్టి మంట పెట్టేది, జునిపర్ కొట్టేది, తెగిన కంచె బిగించేది ఆ రెండు నెలల్లోనే.